ఇషికారి నది పక్కన ఆ నెలవంక చెరువులు ఏంటి? (హొక్కైడో)

కవాసాకి_కుర్రోడు:

నమస్తే అందరికీ. మేం కవాసాకిలో ఉంటాం, సెప్టెంబర్‌లో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, టోక్యో క్యోటో అందరూ చూపించేదే కదా ఈసారి ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవికి తీసుకెళ్దాం అనుకుంటున్నా. నాన్న ఇరిగేషన్‌లో ఏఈగా చేసి రిటైరయ్యారు, ఏ ఊరెళ్లినా గుడి కన్నా ముందు ఇక్కడి ఏరు ఏది, కాలువ ఎటు పోతోంది అని అడిగే టైపు. అందుకని సపోరో చుట్టుపక్కల మ్యాప్ శాటిలైట్ వ్యూలో పెట్టి చూస్తుంటే ఒకటి అస్సలు అర్థం కాలేదు. ఇషికారి నది తకికావా దాటిన దగ్గర్నుంచి సముద్రం దాకా బానే తిన్నగా పోతోంది, కానీ దానికి అటూ ఇటూ నెలవంకల్లాంటి చెరువులు బోలెడున్నాయి, కొన్ని అయితే నదికి అతుక్కునే ఉన్నాయి. ఆక్స్‌బో లేక్ అని స్కూల్లో చదివాం, నది తనంతట తాను మెలిక వదిలేస్తే మిగిలేది అని. కానీ ఇన్నిటిని ఒకే నది వదిలేసి, మళ్లీ ఇంత బుద్ధిగా తిన్నగా పోతుందా? ఎవరో కావాలని చేసినట్టుంది.

ఇంకో డౌట్, ఈ నదిని "హొక్కైడో వారసత్వం" లిస్టులో పెట్టారట. కోటనో గుడినో పెడతారు గానీ నది మొత్తాన్ని పెట్టడమేంటి?

నాన్నకి చూపించదగ్గవి ఏమైనా ఉంటే చెప్పండి. అమ్మ వెజిటేరియన్, చేపల వాసన కూడా పడదు, అది కూడా దృష్టిలో పెట్టుకోండి ప్లీజ్.

బురదకాళ్లు:

కరెక్ట్‌గా పట్టావ్ తమ్ముడూ, కావాలని చేసిందే. నేను సపోరోలో నేలల మీద రీసెర్చ్ చేస్తున్నా కాబట్టి ఈ మైదానంలో బూట్లు చాలానే పాడుచేసుకున్నా, కొంచెం పెద్దగానే రాస్తా ఓపికుంటే చదువు.

ఇప్పుడు ఇషికారి పొడవు 268 కిలోమీటర్లు, జపాన్‌లో షినానో, తోనే తర్వాత మూడోది. పరీవాహక ప్రాంతం చూస్తే 14,330 చదరపు కిలోమీటర్లు, అందులో తోనే తర్వాత రెండోది. కానీ మేజీ కాలంలో (1868-1912) ఈ నది ఇంకా దాదాపు 100 కిలోమీటర్లు పొడవుండేది. ఆ వంద ఎక్కడికి పోయిందంటే నువ్వు చూసిన ఆ నెలవంకల్లోకి పోయింది.

1898 సెప్టెంబర్‌లో పెద్ద వరద వచ్చి కింది మైదానం అంతా మునిగింది, వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి అక్కడ కొత్తగా వచ్చి అడవులు కొట్టుకుని పొలాలు చేసుకుంటున్న వలస రైతులే అందరూ, చాలామంది అన్నీ వదిలేసి వెళ్లిపోయే పరిస్థితి. అప్పుడు ఒకజాకి బున్‌కిచి అనే కుర్ర ఇంజినీర్‌కి పని అప్పజెప్పారు, సపోరో వ్యవసాయ కాలేజీలోనే చదివినాయన. యూరప్, అమెరికా నదులు చూసొచ్చి, ఇషికారిని ఏళ్ల తరబడి కొలిచి 1909లో ప్లాన్ ఇచ్చాడు. ఇందులో నాకు నచ్చే సంగతేంటంటే, ఆయన మెలికలు నరకమనలేదు! నది మెలిక తిరగడానికి దాని కారణాలు దానికుంటాయి, దాని దారి దానికి ఉంచి, వరద వచ్చినప్పుడు మాత్రం మిగులు నీళ్లు పోవడానికి పక్కన వేరే కాలువ తవ్వుదాం అన్నాడు. ఒడ్డు కోతకి కాంక్రీటు దిమ్మల్ని తీగతో గుచ్చి చాపలా ఏటి ఒడ్డున పరిచే పద్ధతి కూడా ఆయనదే, అప్పట్లో వేసినవి కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి.

తర్వాత పైవాళ్ల ఆలోచన మారింది, అంత కాలువ తవ్వే బదులు మెలికలే కోసేద్దాం అన్నారు. ఒకజాకిని చైనాలో ల్యావో నది పని మీదకి పంపించారు, ఇక్కడ 1918లో సముద్రానికి దగ్గర్లో ఓయాఫురు అనే చోట మొదటి కోత మొదలైంది, అది అయ్యేసరికి 1931. పెద్ద మెలికంతా పోయి దాని బదులు నాలుగు కిలోమీటర్లు కూడా లేని తిన్నటి కాలువ వచ్చింది. పాత మెలికే ఇప్పటి బరాతో సరస్సు, చలికాలం గడ్డకడితే సపోరో జనం దాని మీద టెంట్లు వేసి మంచుకి కన్నం పెట్టి చిన్న చేపలు పడుతుంటారు. అలా ఒక్కోటీ కింది నుంచి పైకి కోసుకుంటూ పోయారు, సునగావా దగ్గరి కోత 1969లో అయింది, ఆ పాత పాయ ఇప్పుడు పార్కు.

అసలు ఎందుకంత పట్టుదల అంటే వరద ఒక్కటే కాదు. ఈ మైదానంలో చాలా భాగం పీట్ నేల. చలికి గడ్డీ నాచూ చచ్చినా పూర్తిగా కుళ్లదు, నీళ్లలోనే పొర మీద పొర పేరుకుపోతుంది, ఏడాదికి ఒక మిల్లీమీటర్ లెక్కన. వేల ఏళ్లకి మీటర్ల మందం అయింది. అడుగేస్తే పాత పరుపు మీద నడిచినట్టుంటుంది, నాగలి దిగదు, గుర్రం అయితే కూరుకుపోతుంది. మెలికలు కోస్తే నది వాలు పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, అడుగు తనే కోసుకుని లోతుకి దిగుతుంది, దాంతో చుట్టూ భూమిలో నీటిమట్టం కిందకి పోతుంది. అప్పుడు గానీ ఆ నేల ఆరదు. ఆరాక కూడా పంట పండదు, కొండల నుంచి మంచి మట్టి తెచ్చి పైన పరవాలి, ఆ మట్టిని రైల్లో కూడా తోలారు. షినోత్సు వైపు పనికి 1950లలో ప్రపంచ బ్యాంకు అప్పు కూడా ఇచ్చింది. ఇప్పుడు జపాన్‌లో పేరున్న యుమెపిరికా, నానాత్సుబోషి బియ్యం పండే పొలాలు చాలావరకు ఆ ఊబి మీదివే.

మీ నాన్నగారికి ఇంకోటి. అకబిరా దగ్గర సొరాచి నది నుంచి తీసిన కాలువ ఒకటుంది, హొక్కై కన్‌సెన్ అంటారు, 80 కిలోమీటర్ల దాకా పోతుంది, జపాన్‌లో వ్యవసాయ కాలువల్లో పొడవైంది అదే, 1920లలో తవ్వారు. ఆయన్ని దాని గట్టు మీద వదిలేస్తే సాయంత్రం దాకా వెతుక్కోక్కర్లేదు.

తూర్పుగాలి:

బురదకాళ్లు గారు చెప్పింది అంతా నిజమే కానీ ఎప్పుడూ ఇంజినీర్ల వైపు నుంచే చెప్తే సగం కథే అవుతుంది అండీ. అది "ఖాళీ ఊబి" ఏం కాదు. హొక్కైడోలో మొదటి నుంచీ ఉన్న ఆదివాసులు, ఐను జనం, ఆ నది వెంబడి ఊళ్లు కట్టుకుని ఉన్నారు, వాళ్లకి అదే రోడ్డు, అదే తిండి. అంతకు ముందు సంగతి చూసినా ఇషికారి ఊరి దగ్గర మొమిజియామా 49 అనే తవ్వకాల చోట 4,000 ఏళ్ల కిందటి చెక్క తడికలు బయటపడ్డాయి, సాల్మన్ పట్టడానికి ఏటికి అడ్డంగా కట్టినవి, జోమోన్ కాలంవి, అంటే జపాన్‌లో వేటా చేపలూ మీద బతికిన పాత కాలం. అంటే ఆ నదిలో చేప కోసం మనుషులు కాపు కాయడం అంత పాతది.

మేజీ ప్రభుత్వం వచ్చాక ఏమైందంటే ఐనుల సాల్మన్ వేట మీద ఆంక్షలు, తర్వాత ఏకంగా నిషేధం. తరతరాలుగా తింటున్న చేపని పడితే దొంగతనం కింద లెక్క. అసహికావా పక్కన చికబుమి అని ఐనుల ఊరు ఉంది, వాళ్లకి ఇస్తామన్న భూమి కోసమే దశాబ్దాలు పోరాడాల్సొచ్చింది. అక్కడ కవామురా కానెతో ఐను మ్యూజియం ఉంది, 1916 నుంచి ఐను కుటుంబమే నడుపుతోంది, సర్కారు మ్యూజియంలలా మెరవదు గానీ నా మాట విని అదే చూడండి. ఐనులు ఆదివాసులని చట్టంలో రాయడానికి 2019 దాకా పట్టింది మరి.

ఇంకోటి ఆ రోడ్లూ పొలాలూ వట్టి రైతులే చెయ్యలేదు. నది ఒడ్డున త్సుకిగాతా అనే ఊర్లో 1881లో కబాతో జైలు పెట్టారు. రాజకీయ ఖైదీలు, దోపిడీ ఖైదీలు అందర్నీ అక్కడ పడేసి అడవులు కొట్టించారు, మంచులో రోడ్లేయించారు. ఇప్పటి 12వ నంబర్ హైవేకి మొదటి దారి కబాతో, సొరాచి జైళ్ల ఖైదీలు వేసిందే. జైలుకి సరుకులు వచ్చింది కూడా ఈ నది మీదే. అక్కడ చచ్చిపోయిన వెయ్యి మందికి పైగా ఖైదీల సమాధులు ఊరి బయట ఉన్నాయి. వాళ్లతో చేయించుకున్న పనిని "అభివృద్ధి" అని రాసి ఊరుకుంటే ఎలా?

బురదకాళ్లు:

@తూర్పుగాలి గారూ, కాదనను. జైలు గురించి నేను రాయకపోవడానికి కారణం అడిగింది చెరువుల గురించని, అంతే. కానీ ఒక్క మాట, వలస వచ్చినవాళ్లు అందరూ ఆక్రమించుకోడానికే వచ్చిన బలవంతులు కూడా కాదు. 1889 ఆగస్టులో నారా దగ్గర తోత్సుకావా అనే కొండ ఊరు వరదకీ విరిగిపడ్డ చరియలకీ నాశనమైపోయింది, ఉన్నదంతా పోయి 600 కుటుంబాలు, దాదాపు 2,500 మంది ఓడెక్కి హొక్కైడో వచ్చారు. ఆ చలికాలం తకికావాలో సైనిక రైతుల (సర్కారు పొలమిచ్చి స్థిరపరిచిన సిపాయిలు) ఇళ్లలో ఇరుక్కుని గడిపి, 1890లో నది దాటి అవతలి ఒడ్డున ఊరు కట్టుకున్నారు, అదే షిన్‌తోత్సుకావా. వరదకి పారిపోయొచ్చి తొమ్మిదేళ్లు తిరక్కుండానే 1898 వరదలో మళ్లీ పడ్డారు. అలాంటోళ్లకి మెలిక కొయ్యొద్దు, నదిని నదిలా ఉంచండి అని ఎవరు చెప్పగలరు? నేనైతే చెప్పలేను.

తూర్పుగాలి:

వాళ్ల బాధ నిజం. దాన్ని చూపించి ముందున్నవాళ్ల బాధని మాయం చెయ్యొద్దు అనే నా పాయింట్. ఇద్దరిదీ ఒకే నది కదా. ఇక మనం ఇక్కడ ఆపితే ఆ అబ్బాయి ట్రిప్పు ప్లాన్ అవుతుంది లెండి :)

కవాసాకి_కుర్రోడు:

అయ్యో ఆపకండి, నాన్నకి ఈ థ్రెడ్ మొత్తం వాట్సాప్‌లో చదివి వినిపించా, ఆయనే ఒక ప్రశ్న పంపారు యథాతథంగా పెడుతున్నా: "మెలికలు కోస్తే పైన వరద త్వరగా దిగుతుంది బాగానే ఉంది, మరి కింద ఉపనదులు కలిసే చోట నీళ్లు ఎగదన్నవా? అక్కడేం చేశారు?" దీనికి ఎవరైనా చెప్పండి, లేకపోతే ఫోన్ పెట్టనివ్వరు.

బురదకాళ్లు:

మీ నాన్నగారికి దండం. సరిగ్గా అదే జరిగింది, చితోసే నది దగ్గర.

చితోసే ఎబెత్సు దగ్గర ఇషికారిలో కలుస్తుంది, కానీ దాని కింది భాగం ఎంత బల్లపరుపంటే వాలు ఉందా లేదా అన్నట్టుంటుంది. ఇషికారి పొంగితే ఆ నీళ్లు చితోసేలోకి ఎగదన్ని చాలా దూరం పైకి వెళ్తాయి, చితోసే నీళ్లు ఎటూ పోలేక కరకట్టల మధ్య రోజుల తరబడి నిలబడిపోతాయి. 1981 ఆగస్టులో పెద్ద వరద, కరకట్టలు తెగాయి, నాగనుమా లాంటి ఊళ్ల పొలాలు నీళ్లలోనే ఉండిపోయాయి. దాంతో సర్కారు ఒక భారీ ఆలోచన చేసింది, చితోసే వరదని ఇషికారికి పంపకుండా దక్షిణానికి తిప్పి కాలువ తవ్వి పసిఫిక్ సముద్రంలో పోసేద్దాం అని.

ఇక్కడ తమాషా ఏంటంటే 40 వేల ఏళ్ల కిందట ఇషికారి నిజంగానే ఆ దారిన దక్షిణానికి పోయి తొమకొమాయి దగ్గర పసిఫిక్‌లోనే కలిసేది! షికోత్సు అగ్నిపర్వతం బద్దలై బూడిదా రాళ్లూ గుట్టలా పడి దారి మూసేస్తే, పడమటికి తిరిగి జపాన్ సముద్రంలోకి పోవడం మొదలెట్టింది. అంటే కాలువ తవ్వాలంది ఆ పాత దారికి దగ్గర్లోనే.

కానీ ఆ కాలువ ఉతొనాయి సరస్సు పక్కగా పోవాలి, అది వలస పక్షుల చోటు, 1991లో రామ్‌సార్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల లిస్టులోకి ఎక్కింది. పక్షుల వాళ్లు, చేపల వాళ్లు, కాలువ దారిలో ఉన్న రైతులు అందరూ అడ్డం తిరిగారు. చాలా ఏళ్లు గొడవ జరిగి 1999లో ప్లాన్ పూర్తిగా మానేశారు. దాని బదులు చితోసే వెంబడి ఆరు చోట్ల పొలాలు తీసుకుని చుట్టూ గట్లు కట్టి వరద తొట్లు చేశారు, నది ఒక మట్టం దాటితే నీళ్లు వాటిలోకి పొర్లిపోతాయి, వరద తగ్గాక గేటు ఎత్తి వదిలేస్తారు. అంటే వందేళ్ల కింద ఒకజాకి చెప్పినట్టు నీటికి కొంచెం చోటిద్దాం అనే దగ్గరికే తిరిగొచ్చారని నాకనిపిస్తుంది, ఇంజినీర్లు ఒప్పుకోరేమో గానీ.

నాగనుమాలో ఉన్న తొట్టి పేరు మాయిజురు. మామూలప్పుడు చిత్తడిగా గడ్డి పెరిగి ఉంటుంది కదా, ఎర్రతల కొంగలు తాన్‌చో అంటారే, అవొచ్చి గూడు కట్టాయి. 2020లో పిల్ల కూడా పుట్టింది, ఆ వైపు వందేళ్లకి పైగా లేనిది. వరద కోసం కట్టిన గట్ల లోపల!

నాలుగుచక్రాలు:

ఇంత చర్చలో ఎవరూ దారి చెప్పలేదు కదరా బాబూ. నేను ఫ్యామిలీతో డ్రైవ్ చేసిన రూటు చెప్తా, అన్నీ నది పక్కనవే.

పైనుంచి మొదలెట్టండి. నది పుట్టేది దైసెత్సు కొండల్లో, ఇషికారిదాకే శిఖరం దగ్గర. కిందకొస్తే సోఉన్‌క్యో లోయ, 30 వేల ఏళ్లకి పైన అగ్నిపర్వతం పేలి నింపిన బూడిద గట్టిపడి రాయైతే దాన్ని నది కోసుకుంటూ పోయింది, రెండు వైపులా స్తంభాలు స్తంభాలుగా నిలువు గోడలు. గింగా, ర్యూసెయ్ అని రెండు జలపాతాలు పక్కపక్కనే. సెప్టెంబర్ మధ్యలో వెళ్తే కురోదాకే రోప్‌వే మీద పైన ఆకులు అప్పటికే ఎర్రబడతాయి, జపాన్‌లో అందరికన్నా ముందు. పెద్దవాళ్లు నడవక్కర్లేదు.

తర్వాత అసహికావా. చలికాలం వెళ్లొద్దు బాబోయ్, 1902 జనవరి 25న అక్కడ మైనస్ 41 డిగ్రీలు నమోదైంది, దేశం రికార్డు. నాలుగు నదులు కలిసే ఊరు కాబట్టి ఎటు చూసినా వంతెనలే, 1932లో కట్టిన అసహిబాషి ఇనప వంతెన మీ నాన్నకి నచ్చుతుంది. ఊరు దాటగానే కముయికొతాన్, నది సన్నటి రాతి సందులో దూరి ఉరుకుతుంది, పాత రోజుల్లో పడవలకి యమగండం. చెడ్డ దేవుడు బండలు పడేసి నదిని ఆపబోతే మంచివాడొచ్చి వాడి తల నరికాడని ఐను కథ, ఆ తల ఇదీ, మొండెం అదీ అని రాళ్లు చూపిస్తారు. తీగల వంతెన దాటితే 1969లో మూసేసిన రైల్వే స్టేషన్, మూడు ఆవిరి ఇంజిన్లు నిలబెట్టారు. మా పిల్లోడు అక్కణ్ణుంచి రానన్నాడు.

ఫుకగావా దగ్గర 1964లో పొలాలకి నీళ్ల కోసం ఆనకట్ట కట్టాక సాల్మన్ పైకి ఎక్కడం ఆగిపోయింది. 2000లో చేపలు ఎక్కడానికి మెట్ల దారి కట్టారు, తర్వాత చేపపిల్లల్ని వదిలారు, ఇప్పుడు అసహికావాలో మళ్లీ గుడ్లు పెడుతున్నాయి. తూర్పుగాలి గారు కాస్త సంతోషించే విషయం ఇదొకటి.

ఆ కింద త్సుకిగాతా జైలు మ్యూజియం, బిబాయి దగ్గర మియాజిమా నుమా. ఇది చిన్న చెరువే గానీ సెప్టెంబర్ చివర్లో వేలకి వేలు బాతులు దిగుతాయి, తెల్లారకముందే వెళ్లాలి, సూర్యోదయానికి ఒక్కసారే లేస్తాయి, ఆ చప్పుడుకి మా ఆవిడ చెవులు మూసుకుంది. చివరికి ఇషికారి ఊరు, నది మొగ దగ్గర 1892 నాటి లైట్‌హౌస్, ఎరుపు తెలుపు చారలది. ఆ చారలు 1957లో ఒక సినిమా షూటింగ్ కోసం వేశారంట, అలాగే ఉంచేశారు. కట్టినప్పుడు ఇసుక తిన్నె కొసన ఉండేది, నది ఇసుక పోస్తూ పోస్తూ ఇప్పుడు కొస ఇంకా కిలోమీటర్ పైనే ముందుకెళ్లింది.

వారసత్వం అని అడిగావ్ కదా, 2001లో మొదటి లిస్టులోనే ఇషికారి నదిని పెట్టారు. పైన వీళ్లిద్దరూ కొట్టుకున్నది చదివాక కూడా ఎందుకని అడిగితే నేనేం చెప్పలేను.

కవాసాకి_కుర్రోడు:

అన్నా సూపర్. అమ్మ సంగతి?

నాలుగుచక్రాలు:

ఇషికారి ఊర్లో ఇషికారి నాబే అని సాల్మన్‌ని ఎముకలతో సహా క్యాబేజీ, ఉల్లిపాయ, తోఫు వేసి మిసోలో (పులియబెట్టిన సోయా ముద్ద) ఉడికిస్తారు, 1880లో పెట్టిన హోటల్లో పుట్టిందంటారు. అది నువ్వూ నాన్నా తినండి, అమ్మని మాత్రం ఆ పూట ఆ వాసనకి దూరంగా కూర్చోబెట్టండి. జపాన్‌లో మామూలు కూరగాయల సూప్‌లో కూడా చేప రసం ఉంటుంది, నీకు తెలిసే ఉంటుంది, కాబట్టి కిచెన్ ఉన్న గెస్ట్‌హౌస్ తీసుకుని రైస్ కుక్కర్ పెట్టుకోండి. రోడ్డు పక్కన మిచినోఎకి అనే ఆగే చోట్లుంటాయి, అక్కడి దుకాణాల్లో ఆ సీజన్‌లో మొక్కజొన్న, గుమ్మడి, బంగాళదుంప ఎంత బావుంటాయంటే అమ్మకి వంట చెయ్యబుద్ధవుతుంది. బియ్యం కూడా అక్కడే కొనండి.

తూర్పుగాలి:

తిరుగు ప్రయాణం న్యూ చితోసే ఎయిర్‌పోర్ట్ నుంచే అయితే చితోసే అక్వేరియం వదలొద్దు, పక్కనే నదిలో నీళ్లకే తిరిగే చక్రం సాల్మన్‌ని ఎత్తి పోస్తుంటుంది, 1896 నుంచి ఉన్న పద్ధతి, సెప్టెంబర్‌లో మంచి జోరు మీద ఉంటుంది. లోపల గోడకి అద్దాలుంటాయి, అవతల ఉన్నది తొట్టి కాదు, నిజం నదే, ఎదురీదే చేపల్ని పక్కనుంచి చూడొచ్చు. అద్దం ఇవతల వాసన ఏం రాదు కాబట్టి అమ్మగారూ రావచ్చు. సపోరోలో తొయోహిరా ఒడ్డున సెప్టెంబర్‌లో ఐనులు మొదటి సాల్మన్‌కి చేసే స్వాగత పూజ ఉంటుంది, 1982లో మళ్లీ మొదలెట్టారు, తేదీ కలిస్తే వెళ్లండి, కెమెరా ఎత్తే ముందు అక్కడివాళ్లని అడగండి.

నాలుగుచక్రాలు:

ఒకటి మర్చిపోయా. బిబాయి నుంచి తకికావా దాకా 12వ నంబర్ రోడ్డు 29.2 కిలోమీటర్లు ఒక్క వంపు లేకుండా ఉంటుంది, జపాన్‌లో అంత పొడుగు తిన్నటి రోడ్డు ఇంకోటి లేదు. నిద్రొస్తుంది, స్పీడ్ తెలీదు. నువ్వే నడుపుతున్నావా, లైసెన్స్ జపాన్‌దేనా లేక ఇండియా పర్మిటా? డేట్లు చెప్తే కార్ రెంట్ ఎక్కడ చవకో చూస్తా.